క్రొత్త యంత్రము - దొరకని దుబాసీ

క్రొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో లినక్సును నెలకొల్పబూనిన వారి యనుభవము తరచుగా ఒక్క తీరుననే యుండును. బొటనవ్రేలంత యు.ఎస్.బి. ముక్కనుండి యంత్రము మేల్కొనును, తెర వెలుగును, అడిగిన నాలుగు ప్రశ్నలకు సమాధానమిచ్చినచో అరగంటలో పని ముగియును. తరువాత చూచినచో ఇంటిలోని వైఫై జాడ కానరాదు. లేదా పాట పెట్టినను శబ్దము రాదు. లేదా మూత మూసి మరల తెరచినచో తెర నల్లగానే నిలిచిపోవును. "ఉచితముగా వచ్చినది గదా, ఇంతకంటె ఏముండును?" అని పెద్దలు పెదవి విరుతురు. పిల్లవాడు విండోసునే మరల పెట్టించుకొనుటకు దుకాణమునకు పోవును.

ఆ పెదవి విరుపు న్యాయమైనది కాదని మా యభిప్రాయము. ఆ ల్యాప్‌టాప్ మూగపోవుట వెనుక నలువది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. అది నేర్పు చాలకపోవుటను గూర్చిన చరిత్ర కాదు. తెలిసినవారు చెప్పకపోవుటను గూర్చిన చరిత్ర.

కంప్యూటరులో కెర్నెలు అనునది ఇంటి యజమాని వంటిది. ఎవరి పని ముందు, ఎవరి పని తరువాత, ఎవరికెంత చోటు అని నిర్ణయించుట దాని వంతు. కాని వైఫై చిప్పు, శబ్దపు చిప్పు, తెరను నడుపు చిప్పు - వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క భాష మాటలాడును. ఏ గడిలో ఏ యంకె వ్రాసిన అది మేల్కొనునో, ఎంతసేపు వేచి ఏ గడి చదివిన జవాబు దొరకునో, ఆ చిప్పును చేసినవారికే తెలియును. కెర్నెలు మాటను చిప్పునకును, చిప్పు మాటను కెర్నెలుకును వినిపించు చిన్న ప్రోగ్రామునకే డ్రైవరు అని పేరు. చెన్నపట్నమునందును, బందరునందును కంపెనీ దొరలకు మన వర్తకులకు నడుమ నిలిచిన దుబాసీలు ఇచట జ్ఞప్తికి రాక మానరు. దుబాసీ దొరకనిచో దొర యెంతటివాడైనను బేరము సాగదు.

వాల్వు రేడియోల కాలము నెరిగిన యిండ్లవారికి మరియొక సంగతి కూడ జ్ఞాపకముండును. అనేక సెట్లకు వెనుక అట్ట విప్పినచో లోపల సర్క్యూటు పటము అంటించి యుండెడిది. ఊరిలోని మెకానిక్కు ఏ కంపెనీ సెట్టునైనను ధైర్యముగా విప్పగలుగుటకు ఆ పటమే ఆధారము. కంప్యూటర్లు నడపువారిలోను మొదట ఇంచుమించు ఇట్టి యాచారమే యుండెను. యంత్రముతోపాటు దానిని నడుపు ప్రోగ్రాముల సోర్సు కోడ్ చేతికి వచ్చెడిది. వాడువారు దానిని చదివెడివారు, దిద్దుకొనెడివారు.

ఆ యాచారము చెడిన సందర్భము ఒకటి చరిత్రకెక్కినది. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్మన్ అను ప్రోగ్రామరు పనిచేయుచుండెను. అచటి పాత ప్రింటరులో కాగితము ఇరుక్కొనినపుడు, ముద్రణకై వేచియున్నవారి తెరలపై ఆ సంగతి తెలియునట్లు ఆయన దాని ప్రోగ్రామును సవరించియుండెను. 1980 ప్రాంతమున జిరాక్సు కంపెనీవారి క్రొత్త లేజరు ప్రింటరు వచ్చినది. దానికిని కాగితము ఇరుకుచునే యుండెను గాని ప్రోగ్రాము సోర్సు మాత్రము రాలేదు. అది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఒకరి యొద్ద నున్నదని విని స్టాల్మన్ అడుగగా, ఎవరికిని ఈయనని కంపెనీకి మాట యిచ్చితినని ఆయన నిరాకరించెను. చూచుటకు చిన్న సంగతియే. కాని 1983లో స్టాల్మన్ ప్రకటించిన "గ్నూ" అను స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమమునకు తన్ను ప్రేరేపించిన వానిలో ఈ ప్రింటరు కథ యొకటియని ఆయనయే చెప్పుకొనెను. డ్రైవరు చిక్కు లినక్సు కంటె పెద్దది యనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

ఇక లినక్సు పుట్టుక. ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 జనవరిలో ఇంటెల్ 386 ప్రాసెసరు గల కంప్యూటరును కొనుక్కొనెను. ఆ సంవత్సరమే ఆగస్టు 25న, తానొక ఆపరేటింగ్ సిస్టమును వినోదార్థము వ్రాయుచున్నానని తోడి ఔత్సాహికులకు తెలిపెను. ఆ చిన్న ప్రకటన చివర ఒక మాట కలదు: తన యొద్ద నున్న రకపు హార్డ్ డిస్కు తప్ప మరి దేనినైనను ఇది నడుపునని యాశింపవద్దు, ఏలనగా తనకున్నది అదియే యని. డ్రైవరు చిక్కు లినక్సుతో కవలగా పుట్టినది! 1992లో ఆయన దానిని స్టాల్మన్ రూపొందించిన జి.పి.ఎల్. లైసెన్సు క్రిందికి తెచ్చుటతో పరిస్థితి మారినది. ఎవరి యింట ఏ పరికరమున్నదో, వారే దానికి డ్రైవరు వ్రాసి పంపసాగిరి.

ఇట్లు వ్రాసినవారిలో నాసా సంస్థ గాడర్డ్ కేంద్రమున పనిచేసిన డొనాల్డ్ బెకర్ పేరు తప్పక చెప్పదగినది. నాటి ఈథర్నెట్ కార్డులకు ఆయన వ్రాసిన డ్రైవర్లు ఎన్నో. 1994లో ఆయనయు థామస్ స్టెర్లింగును కలిసి 16 సాధారణ కంప్యూటర్లను ఈథర్నెట్ తీగలతో ముడివేసి, "బేవుల్ఫ్" అను పేర ఒక్క పెద్ద గణకయంత్రము వలె పనిచేయించిరి. దుబాసీ సమర్థుడైనచో అంగడి సరకుతోనే అంతటి పని సాధ్యమయ్యెను.

1990ల చివర గాలి ఎదురు తిరిగినది. ధర తగ్గించుటకై కంపెనీలు మోడెములలోని పనిముట్లు తీసివేసి, ఆ పనిని విండోసు డ్రైవరుకు అప్పగించినవి. వీనికి "విన్‌మోడెములు" అని పేరు వచ్చినది. ఇట్టి మోడెము గల ల్యాప్‌టాప్‌లో లినక్సు పెట్టినవారికి ఫోను తీగ గోడకే వ్రేలాడెను.

వైఫై వచ్చుటతో చిక్కు ముదిరినది. 2003 మార్చిలో ఇంటెల్ వారు "సెంట్రినో" అను పేర వైఫై గల ల్యాప్‌టాప్‌లను లోకమంతట ప్రచారము చేసిరి. లినక్సుకు డ్రైవరు మాత్రము ఆనాడు లేదు. 2004లో ఆ కంపెనీ ఇంజనీర్లే బహిరంగముగా దానిని వ్రాయ నారంభించిరి. బ్రాడ్‌కామ్ చిప్పులు గలవారికి అంతటి భాగ్యము కూడ లేకపోయెను. వారు "ఎన్‌డిస్‌ర్యాపర్" అను విచిత్ర సాధనమును పట్టుకొనిరి. అది విండోసు డ్రైవరునే లినక్సు లోపలికి తెచ్చి, తాను విండోసులోనే యున్నానని దానిని నమ్మించును. పరాయి దుబాసీకి వేషము వేసి కొలువులో కూర్చుండబెట్టుట యన్నమాట. పని జరుగును, కాని అతడు తప్పు చేసినచో అడుగువారు లేరు.

అపుడు కొందరు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు పూనుకొనిన పని ఈ చరిత్రలో మాకు మిక్కిలి గౌరవము కలిగించు ఘట్టము. వారు రెండు జట్లుగా విడిపోయిరి. ఒక జట్టువారు కంపెనీ డ్రైవరు యంత్రభాషలో ఏమి చేయుచున్నదో ఒక్కొక్క యడుగు పరిశీలించి, చిప్పు ఏ మాటకెట్లు స్పందించునో వర్ణించుచు వ్రాసిరి. వేరొక జట్టువారు ఆ డ్రైవరును కన్నెత్తియైన చూడక, ఆ వర్ణన మాత్రమే చదివి తమ సొంత డ్రైవరును వ్రాసిరి. కంపెనీ రచనను నకలు చేసితిరను నింద న్యాయస్థానమున నిలువకుండుటకు ఈ కట్టుబాటు. ఇట్లు తయారైన డ్రైవరు 2006 జూనులో 2.6.17వ కెర్నెలులో చేరినది. బ్రాడ్‌కామ్ వారు దయతో కొన్ని పుటల పటము నిచ్చియున్నచో ఇంత శ్రమ అక్కరలేకపోవును. 2010 సెప్టెంబరులో ఆ కంపెనీయే తన క్రొత్త చిప్పులకు డ్రైవరు సోర్సును బయటపెట్టినది.

నడుమ 2007లో కెర్నెలు నిర్వాహకులలో నొకరగు గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ ఒక ప్రకటన చేసెను. ఏ కంపెనీయైనను తన పరికర వివరములనిచ్చినచో డ్రైవరును ఉచితముగా వ్రాసియిత్తుమని దాని సారాంశము. వస్తువు నమ్ముకొనువారిని ఇంతగా బతిమాలవలసి వచ్చుట మరి యే వ్యాపారమునందైన నున్నదా? తెర చిప్పులు చేయు ఎన్‌విడియా కంపెనీపై 2012లో టోర్వాల్డ్స్ బహిరంగ సభలోనే ఆడిన పరుషవాక్యము మేమిచట వ్రాయజాలము. ఆ కోపమునకు కారణము మాత్రము సమంజసమే. 2022 మేలో ఆ కంపెనీ కెర్నెలుకు చెందిన డ్రైవరు భాగమునకు సోర్సును విడుదల చేసినది.

అంతటితో రహస్యము తొలగినదా యనిన, తొలగలేదు, చోటు మారినది. నేటి చిప్పు తానే యొక చిన్న కంప్యూటరు. మేల్కొనగనే దానికి ఫర్మువేరు అను ప్రోగ్రామును త్రాగింపవలెను. డ్రైవరు సోర్సు బహిరంగమైనను, ఈ ఫర్మువేరు కంపెనీ మూసియిచ్చిన సీసాయే. స్వేచ్ఛాసూత్రమునకు కట్టుబడిన డెబియన్ పంపిణీవారు చిరకాలము ఇట్టి సీసాలను తమ అధికారిక డిస్కులలో చేర్చలేదు. ఫలితము విపరీతముగా నుండెను: వైఫైకి కావలసిన ఫర్మువేరును ఇంటర్నెటునుండి తెచ్చుకొనవలెను, ఇంటర్నెటు రావలెనన్న వైఫై కావలెను. తీగతో కలుపు రంధ్రము గల పాత ల్యాప్‌టాప్‌లలో సరిపోయెను గాని, అట్టి రంధ్రమే లేని పలుచని యంత్రములు వచ్చిన పిదప నియమము పాటించువారికంటె విడిచిపోవువారే హెచ్చు కాజొచ్చిరి. 2022 అక్టోబరులో డెబియన్ సభ్యులు ఓట్లు వేసి, ఫర్మువేరును చేర్చుటకే నిశ్చయించిరి. 2023 జూనులో వెలువడిన 12వ డెబియన్ నుండి అట్లే జరుగుచున్నది. నియమము సడలినదని బాధపడినవారు కలరు. మాకు మాత్రము ఇది సరియైన నిర్ణయముగనే తోచుచున్నది. గుమ్మము దాటి లోనికి రాలేనివానికి ఇంటి యాదర్శములను బోధించుట యెట్లు?

ఇందులకు మన తెలుగునాటనే ఉదాహరణము కలదు. హైదరాబాదులోని "స్వేచ్ఛ" సంస్థవారు డెబియన్ ఆధారముగా తెలుగు మాటలతో నడచు వ్యవస్థను రూపొందించిరి. తెరపైని మాటలను తెలుగు చేయుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. ఓపికగల విద్యార్థులు చాలును. కాని ఆ తెలుగు తెర వెనుక చిప్పు మూగయైనచో, ఆ విద్యార్థులెందరు కూడినను పటము లేక దానిని పలికింపజాలరు.

2012లో విండోసు 8తో వచ్చిన "సెక్యూర్ బూట్" అను కావలి మరియొక చిక్కు. మైక్రోసాఫ్టు ముద్ర లేని వ్యవస్థను ఇది మేల్కొననీయదు. మాథ్యూ గారెట్ మొదలగువారు ముద్ర వేయించిన "షిమ్" అను చిన్న ప్రోగ్రాము ద్వారా పెద్ద పంపిణీలు ఈ గుమ్మము దాటినవి. అయినను వేరుగా తెచ్చి చేర్చిన ఎన్‌విడియా డ్రైవరుకు ముద్ర లేనిచో కెర్నెలు దానిని లోనికి రానీయదు. ఆ తాళపుచెవిని యజమాని స్వయముగా నమోదు చేయవలెను. మరికొన్నిట డిస్కే కానరాదు. 2016లో లెనోవో యోగా 900 ల్యాప్‌టాప్‌లో డిస్కు ఇంటెల్ వారి "రెయిడ్" పద్ధతిలో నుండగా, మార్చుకొను వీలు బయోసులోనే లేకపోయెను. కొన్నవారు గోల చేయగా కంపెనీ ఆ వీలు గల బయోసును తరువాత విడుదల చేసినది.

ఇట్టివి యేమియు లేకున్నను, క్రొత్త యంత్రమునకు క్రొత్తదనమే చిక్కు. ల్యాప్‌టాప్‌లోని ముఖ్యమైన చిప్పులకు రెండేసి సంఖ్యలుండును: ఒకటి చేసినవారిది, రెండవది వస్తువుది. ఇంటెల్ వారు తమ ప్రసిద్ధ ప్రాసెసరు పేరునే తీసికొని 8086ను తమ సంఖ్యగా పెట్టుకొనిరి. కెర్నెలు ఈ జంటను చదివి, తన పట్టికలో ఏ డ్రైవరు దానిని తనదనుచున్నదో వెదకును. తొమ్మిది పది వారములకొక క్రొత్త కెర్నెలు వచ్చుచునే యుండును గాని, పంపిణీలు స్థిరత్వమునకై ఒకదానిని పట్టుకొని నిలుచును. 12వ డెబియన్ వెలువడినది 2023లోనైనను, దాని కెర్నెలు 2022 డిసెంబరు నాటిది. 2024లో పుట్టిన చిప్పు సంఖ్య ఆ పట్టికలో లేకున్న ఆశ్చర్యమేమి? ఇట్టి యెడ "ఎల్‌ఎస్‌పిసిఐ" అను ఆజ్ఞతో సంఖ్యలను చూచుకొని, అదే పంపిణీలో లభించు క్రొత్త కెర్నెలును తెచ్చుకొనినచో పెక్కు మూగ యంత్రములు పలుకును. విండోసును చెరిపివేయక ముందే యు.ఎస్.బి. ముక్కనుండి నడిపి వైఫై, శబ్దము, మూత పరీక్షించుకొనుట మరియు మేలు.

పాత యంత్రముల సంగతి దీనికి సరిగా తలక్రిందులు. ఒకసారి కెర్నెలులో చేరిన డ్రైవరు, చేసిన కంపెనీ ఆసక్తి తప్పినను అందరి యాస్తిగా నిలుచును. 2025 అక్టోబరు 14న విండోసు 10కి సాధారణ మద్దతు ముగిసినది. విండోసు 11 కోరు అర్హతలు లేని ల్యాప్‌టాప్‌లు అనేక గృహములలో కలవు. అట్టివానిలో లినక్సు తరచుగా ఏ చిక్కును లేక కుదురుకొనును, వాని చిప్పుల భాష ఏనాడో నేర్వబడినది గనుక. ఇట్టి ఓపికకును హద్దు లేకపోలేదు. 2012 డిసెంబరులో కెర్నెలు నిర్వాహకులు మిక్కిలి పాతదైన యొక ప్రాసెసరుకు మద్దతును తొలగించిరి. ఆ ప్రాసెసరు 386, టోర్వాల్డ్స్ 1991లో లినక్సును పుట్టించినది దానిపైననే.