గ్లిచ్ – కళాసంస్కృతులయందలి స్థానము

యంత్రముగాని నిర్మాణప్రక్రియగాని ఉద్దిష్టఫలమునుండి తొలగుటవలన రూపమందో ధ్వనియందో పొడసూపు వికృతి గ్లిచ్ అనబడును. అది కేవలలోపముగా గాక, వస్తువు పుట్టుకను తెలుపు లక్షణముగా గ్రహింపబడినపుడు కళార్థమును పొందును. టెలివిజన్‌పై అయస్కాంతమును పెట్టి బొమ్మను వికృతపఱచిన, కళాకారుడగు నామ్ జూన్ పైక్ కృతి 'మాగ్నెట్ టీవీ' (1965) దీనికి ప్రసిద్ధోదాహరణము. సంగీతకర్త కిమ్ కాస్కోన్ వ్యాసమును (2000), కళాకారిణి రోసా మెంక్‌మన్ గ్రంథమును (2011) దీనికి సిద్ధాంతరూపము నొసగినవి.

తెలుగునేలపై దీనికి సన్నిహితమైన దృష్టాంతము అంతకు పూర్వపుదైన చీరాల తేలియా రుమాలు. నూలును నూనెలోను బూడిద క్షారజలములోను పలుమార్లు నానవైచి, పడుగుపేకలు రెంటిని నేతకు పూర్వమే చిత్తరువు ననుసరించి కట్లు కట్టి, ఎఱుపు నలుపు రంగులలో ముంచి నేయు జంట ఇక్కత్ వస్త్రమిది. కట్టుక్రిందికి రంగు కొంచెము చొరబడుటవలనను, మగ్గముపై పోగులు లేశమాత్రము జరుగుటవలనను గీతల అంచులు ఈకలవలె చెదరి కనబడును. నేతగాడు ఈ చెదరును తగ్గింప యత్నించునే కాని పూర్తిగా తొలగింపజాలడు. కావుననే యది చేతిపనికి గుర్తుగా పరిగణింపబడుచున్నది. ఈ నేత 20వ శతాబ్దిలో నల్లగొండ ప్రాంతపు పుట్టపాకయందును వేళ్లూనినది.

అద్దకపు యంత్రములు ఈ చెదరును సైతము అనుకరింపగలవు. అయినను రంగు పోగునందే యుండుటచే అసలు వస్త్రము ఇరువైపుల నొక్కతీరుననే కనబడును. తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు లభించినది.