పొరుగువాడు మూగబోయినప్పుడు

తార్నాకాలో, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరువనే, రైల్వే సిగ్నళ్ల విద్య నేర్పే సంస్థ ఒకటి ఉన్నది. 1957లో నెలకొన్న ఆ సంస్థను ఇరిసెట్ అంటారు. పొరుగు స్టేషను ‘లైన్ క్లియర్’ ఇవ్వనిదే బండి కదలరాదన్నది ఆ విద్యకు మూలసూత్రం. మరి రెండు స్టేషన్ల మధ్య సాధనాలన్నీ ఒక్కసారి మూగబోతే? జంట మార్గంలోనైతే బండికీ బండికీ నడుమ అరగంట ఎడముంచి, గంటకు 25 కిలోమీటర్లు మించకుండా నడపాలి. ఒంటి మార్గంలో ముందుగా ఒక ఇంజనును మెల్లగా పంపి, పొరుగు స్టేషనుతో సంబంధం తిరిగి నెలకొల్పుకోవాలి. నిన్నటి మాటను నమ్ముకొని నేటి బండిని వదలరు.

ఈ సమస్యే ఇంటర్నెట్టు రూటర్లకూ వచ్చింది. కాని వాటికి దొరికిన సమాధానం వేరు.

రూటరు తపాలా బండిలోని సార్టరు వంటిది. వచ్చిన ప్యాకెట్టు చిరునామా చూసి, ఏ పొరుగుకు అందించాలో తేల్చుతుంది. ఏ దారి ఎటు పోతుందో ఇరుగు పొరుగు రూటర్లే దానికి చెప్పాలి. పెద్ద సంస్థల వలయాల నడుమ ఈ సంభాషణకు వాడే భాష బి.జి.పి. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో కర్క్ లాహీడ్, యాకోవ్ రెఖ్టర్ అనే ఇద్దరు ఇంజనీర్లు భోజనాల వేళ చేతులు తుడుచుకొనే కాగితాల మీద దీని తొలి రూపం గీశారు.

ఆ భాషలో నియమం మిక్కిలి కఠినం. పొరుగు రూటరు నియమిత కాలం పలకకపోతే, ఆ కాలం 90 సెకన్లుండటం మేలని ప్రమాణపత్రం సూచిస్తుంది, అది చెప్పిన దారులన్నీ ఒక్క పెట్టున చెరిపివేయాలి. ఆ వార్త ఊరూరా పాకుతుంది. అందరూ లెక్కలు తిరిగి కడతారు. రెండు నిమిషాలకు ఆ పొరుగువాడు మేల్కొంటే మళ్లీ అదంతా మొదటికి. పడటం కన్న లేవటమే ఎక్కువ చేటు చేయగలదని 1990 జనవరి 15న అమెరికా టెలిఫోను వ్యవస్థ చూపింది. న్యూయార్కులో ఒక స్విచ్చి ఆగి, తేరుకొని, పొరుగు స్విచ్చులకు సందేశాలు పంపింది. వాటి సాఫ్ట్‌వేరులో దాగిన దోషం వల్ల ఆ సందేశాలే వాటిని పడగొట్టాయి. అవి లేచి తమ పొరుగువాటిని పడగొట్టాయి. ఏ.టి. అండ్ టి. వారి 114 స్విచ్చులూ దాదాపు తొమ్మిది గంటలు ఇలా పడుతూ లేస్తూ ఉన్నాయి.

రూటర్ల విషయంలో ఉపాయం వాటి నిర్మాణంలోనే దొరికింది. తొలి రూటర్లలో ఆలోచనా, బట్వాడా ఒక్క యంత్రం పనే. తరువాతి పెద్ద రూటర్లలో రెండూ వేరైనవి. మెదడు ఆగి మళ్లీ మొదలైనా చేతులు పాత పట్టిక ప్రకారం ప్యాకెట్లు అందిస్తూనే ఉండగలవు. అలాంటప్పుడు పొరుగువారు దారులు చెరిపివేయటం అనవసరపు కంగారే కదా!

2007 జనవరిలో శ్రీహరి సంగ్లి, ఎంకే చెన్, రెక్స్ ఫెర్నాండో, జాన్ స్కడర్, రెఖ్టర్‌ల పేర వెలువడిన ప్రమాణపత్రం ఈ మర్యాదను నియమబద్ధం చేసింది. సంభాషణ తొలినాడే రూటరు చెబుతుంది: ‘నా మాట ఆగితే ఇన్ని సెకన్లు ఓపిక పట్టండి.’ పొరుగువాడు ఆ దారులపై ‘పాతవి’ అని గుర్తు వేసి, వాడుతూనే ఉంటాడు. గడువు తీరితే చెరిపివేస్తాడు. మేల్కొన్న రూటరు వెంటనే నోరు విప్పదు. పొరుగువారందరూ తమ జాబితాలు ముగిసినవని చెప్పేవరకు వేచి, అప్పుడు తన దారులు ఎంచి ప్రకటిస్తుంది. తానూ ‘ముగిసినది’ అనగానే, అప్పటికీ పాత గుర్తుతోనే మిగిలినవాటిని పొరుగువారు తొలగిస్తారు. మేల్కొన్నాక ‘నా బట్వాడా పట్టిక నిలువలేదు’ అని అది ఒప్పుకొంటే మాత్రం పాత దారులు అప్పుడే పోవాలి.

అయితే గడువు మీరి మౌనం వహించిన పొరుగువానికి, దోషసందేశంతో తెగిన సంభాషణకు ఈ మర్యాద వర్తించలేదు. 2019 మార్చిలో ఆ లోటు తీరింది. నిజంగానే తెగతెంపులు కోరేవారికి ‘కఠిన విరమణ’ అని వేరుగా ఒక మాట ఏర్పడింది. 2023 నవంబరులో మరింత ముందుకు పోయారు. అంతకు ముందు గడువు 4095 సెకన్లు దాటేది కాదు. కొత్త పద్ధతిలో దాదాపు 194 రోజుల దాకా పెట్టవచ్చు. వేరే దారి ఏదీ లేనప్పుడే ఆ పాత దారి వాడాలన్నది షరతు. 194 రోజుల నాటి మాటను నమ్మటం నాకు సాహసంగానే తోస్తుంది. ఆ దారి కొస ఈలోగా తెగిపోయి ఉంటే ప్యాకెట్లు చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. పోయిన ప్యాకెట్టును తిరిగి పంపవచ్చు గనుకనే రూటర్ల వారికి ఇంత చొరవ. తార్నాకాలో పాఠం చెప్పేవారికి ఆ వెసులుబాటు లేదు.