పాసంగము లేని కొలత



సంతలో మిరపకాయలు కొనునప్పుడు నీవు మొదట చూచునది మిరపకాయలను కాదు, త్రాసును. తట్టలు రెండును ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు నడుమ నిలుచుచున్నదా, ఒక ప్రక్కకు మొగ్గుచున్నదా అని చూతువు. పాసంగమున్న త్రాసుతో పదిమారులు తూచినను పదిమారులును తప్పే వచ్చునని మన తాతలకును తెలియును. అయితే నర్సమ్మ నీ చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డ నొక్కి, “నూట ఇరువది” అని చెప్పినప్పుడు, ఆ త్రాసుకు పాసంగమున్నదేమోనని ఎన్నడైన అడిగితివా? మనలో ఎవరమును అడుగలేదు. అందుచేత ఆ చిన్న మిషను ఎక్కడనుండి వచ్చెనో, దానిని ఏలాగు కూర్చుదురో, ఏలాగు కాపాడవలెనో ఈ నెల నీతో చెప్పగోరుచున్నాను.

ఇది చిన్న సంగతి కాదు. రక్తపు పోటు హెచ్చినవానికి తరచుగా నొప్పి ఉండదు, జ్వరము ఉండదు. పొలము దున్నును, భోజనము చేయును, నిద్రపోవును. లోపల మాత్రము గుండె, మెదడు, మూత్రపిండములు కొంచెము కొంచెముగా చెడుచుండును. శరీరము చెప్పని మాటను ఆ మిషను ఒక్కటే చెప్పగలదు. అట్టి ఏకైక సాక్షి అబద్ధము చెప్పినయెడల మనిషి గతి ఏమగును?

ఈ కథ ఆరంభమైనది ఆసుపత్రిలో కాదు, ఒక పల్లె గురువు ఇంటిలో. లండను నగరమునకు సమీపమున, థేమ్సు నది ఒడ్డున టెడ్డింగ్టన్ అను ఊరు కలదు. 1709 మొదలు 1761లో కన్ను మూయువరకు అక్కడి దేవాలయమునకు గురువుగా ఉండినవాడు స్టీఫెన్ హేల్స్. 1677లో కెంటు సీమలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివెను. ఆదివారము ప్రసంగము చేసి, తక్కిన దినములలో కొలతలు కొలుచుట ఆయనకు అలవాటు. ద్రాక్షతీగెను కోసి, దానికి గాజు గొట్టము కట్టి, రసము ఎంత బలముతో పైకెక్కునో కొలిచెను. చెట్టులో రసమును కొలిచినవాడు జీవిలో రక్తమును కొలువగోరెను.

ఒక ఆడ గుఱ్ఱమును వెల్లకిల కట్టివేసి, దాని తొడలోని ధమనిని తెరచి, ఇత్తడి గొట్టము దూర్చి, దానికి తొమ్మిది అడుగుల గాజు గొట్టమును నిలువుగా అమర్చెను. రక్తము ఆ గొట్టములో ఎనిమిది అడుగుల మూడు అంగుళముల ఎత్తునకు ఎక్కి, గుండె కొట్టుకొనినప్పుడెల్ల పైకి లేచి క్రిందికి దిగుచుండెను. గుండె రక్తమును ఎంత బలముతో త్రోయునో నరుని కన్ను సూటిగా చూచినది అప్పుడే. 1733లో హేల్స్ దీనిని గ్రంథముగా ప్రకటించెను.

ఆ గుఱ్ఱము బ్రతుకలేదు. ఈ మాటను దాచిపెట్టి ముందుకు పోవుట న్యాయము కాదు. పొరుగూరగు ట్వికెన్‌హాములో నివసించిన కవి అలెగ్జాండర్ పోప్ హేల్స్‌కు స్నేహితుడే. అయినను మూగజీవులమీద ఈ పనులు పోప్ మనస్సునకు ఎంత మాత్రమును గిట్టలేదు. ఆ హేల్సే చెరసాలలలోను ఓడలలోను కుళ్లిన గాలిని తోలివేయు తిత్తులను కల్పించి, అనేకుల ఆయుష్షు నిలువగోరెను. తన ఊరివారికి మంచినీటి సదుపాయము చేయించెను. ఒకే మనిషిలో జాలియు కాఠిన్యమును కలిసియుండుట మనకు క్రొత్త కాదు. నేడు నొప్పి లేకుండ మన పోటు చూచుకొనుచున్నామంటే ఆ మూగజీవికి మనము ఋణస్థులమని మాత్రము మరువవద్దు.

తొమ్మిది అడుగుల గొట్టమును రోగి మంచము ప్రక్కన నిలుపుట ఎవరికి సాధ్యము? 1828లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు పువాజోయ్ రక్తమునకు ఎదురుగా పాదరసమును నిలిపెను. పాదరసము నీటికంటె పదమూడున్నర రెట్లకు పైగా బరువైనది గనుక తొమ్మిది అడుగుల గొట్టము చేయు పనిని ఎనిమిది అంగుళముల పాదరసము చేయును. నేటికిని 120 అని వైద్యుడు చెప్పునప్పుడు దాని భావము, నీ రక్తము 120 మిల్లీమీటర్ల పాదరసమును ఎత్తి నిలుపగలదనియే. డయలు మిషనులో పాదరసము చుక్కయైన లేకపోయినను లెక్క మాత్రము ఆ లెక్కే.

అయినను ధమనిని కోయవలసియే ఉండెను. కోయకుండ కొలుచుటకు పలువురు ప్రయాసపడిరి. తుదకు 1896లో ఇటలీ దేశమందలి టురిను నగరములో షిపియోనె రీవా-రోచ్చి అను వైద్యుడు సులువైన మార్గము చూపెను. ఆయన ఆ మిషనును కూర్చిన సామాగ్రి వినుము: ఒక సిరాబుడ్డి, కొంత రాగి గొట్టము, సైకిలు ట్యూబు, కొంచెము పాదరసము. భుజమునకు మోచేతికి నడుమ ట్యూబు చుట్టి గాలి నింపెను. మణికట్టు దగ్గర నాడి ఆగిపోయిన క్షణమున పాదరసము ఎక్కడ నున్నదో చూచెను. రక్తము ఎంత బలముతో వచ్చుచున్నదో దానిని ఆపుటకు అంత బలమే కావలెను గదా! గుఱ్ఱమును కట్టివేయ నక్కరలేదు, రక్తము చిందనక్కరలేదు. 1901లో అమెరికా వైద్యుడు హార్వే కుషింగ్ ఇటలీలో దీనిని చూచి, తన దేశమునకు తీసికొనిపోయెను.

ఈ మంచి మిషనుకును ఒక పాసంగము ఉండెను. రీవా-రోచ్చి చుట్టిన పట్టీ మిక్కిలి సన్నము. సన్నని పట్టీతో ధమనిని నొక్కుటకు ఎక్కువ గాలి పట్టును. అందువలన లేని పోటు ఉన్నట్లు అగపడును. 1901లో జర్మనీ వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ ఈ తప్పును పట్టుకొని పట్టీని వెడల్పు చేయించెను. కనిపెట్టినవాని పేరు ఎంత గొప్పదైనను తప్పు తప్పే అని ఒప్పుకొనుటవలననే ఈ విద్య పెరిగినది.

నాడి పట్టి చూచుటవలన పై అంకె మాత్రమే తెలియును. క్రింది అంకెను చెవికి తెలియజేసినవాడు రష్యా దేశపు వైద్యుడు నికొలాయి కొరొట్కోవ్. 1905లో ఆయన చదివిన పత్రము ఒక పుటకంటె తక్కువ. పట్టీ క్రింద స్టెతస్కోపు ఉంచి, గాలిని మెల్లగా వదలుము, మొదట నిశ్శబ్దము, తరువాత టక్కు టక్కుమను చప్పుడు, మరల నిశ్శబ్దము. చప్పుడు మొదలైన చోటు పై అంకె, చప్పుడు ఆగిన చోటు క్రింది అంకె. నూరు పుటల గ్రంథము చేయలేని మేలును ఆ కొద్ది మాటలు చేసినవి.

ఇప్పుడు మన ఊరి మిషను దగ్గరకు వత్తము. గుడ్డ పట్టీ లోపల ఒక రబ్బరు సంచి, దానికి రెండు గొట్టములు ఉండును. ఒకటి డయలుకు, ఒకటి బుడ్డకు తగిలించుదురు. బుడ్డ మెడ దగ్గరనున్న మర బిగించిన గాలి నిలుచును, వదులు చేసిన గాలి దిగును. సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో నూటికి 40 వంతులు, నిడివి నూటికి 80 వంతులు తక్కువ కాకుండ ఉండవలెను. చేతి చుట్టు 30 సెంటీమీటర్లయితే సంచి వెడల్పు 12, నిడివి 24. లావుపాటి చేతికి చిన్న పట్టీ కట్టినయెడల రీవా-రోచ్చి నాటి తప్పే తిరిగి వచ్చును. సంచి నడిమి భాగము చేతి లోపలి ధమనిమీదను, పట్టీ క్రింది అంచు మోచేతి మడతకు రెండు వ్రేళ్ల పైగాను ఉండవలెను. చేయి గుండెకు సరియెత్తున ఆనియుండవలెను.

గాలి కారుచున్నదేమో చూచుట సులభము. పట్టీని గట్టి సీసాకు చుట్టి, 200 వరకు గాలి కొట్టి, మర బిగించి, ఒక నిమిషము చూడుము. సూది నాలుగు అంకెలకంటె ఎక్కువ దిగినయెడల ఎక్కడనో చిల్లి ఉన్నది. సైకిలు షాపువాడు ట్యూబును తొట్టిలో ముంచి బుడగలు చూచునట్లు, నీవు గొట్టముల అతుకులకు సబ్బునీళ్లు రాసి బుడగలు చూడుము. డయలును మాత్రము తడుపవద్దు. గొట్టపు చివర పగిలినచో ఆ ముక్క కోసి మరల తగిలింపుము. బుడ్డ వెనుకనున్న గాలి రంధ్రమున దూది నూలు చేరకుండ తుడువుము. పట్టీ ఉతుకునప్పుడు సంచిని తీసివేయుము.

అన్నిటికంటె ముందు చూడవలసినది సున్న. ఇందును గూర్చి ఒక సంగతి చెప్పుదును. నా సంఘములో ఒక పెద్ద ఉండెను. ఊరిలోనున్న డయలు మిషనుతో రెండేండ్లు ఆయన పోటు చూచుచు, 130, భయము లేదు అని చెప్పుచుండిరి. ఒక తెల్లవారుజామున ఆయన మూతి వంకర పోయి, కుడిచేయి పడిపోయెను. పట్నములో మంచి మిషనుతో చూడగా పోటు 170కి పైగా ఉండెను. తరువాత ఊరి మిషనును తెచ్చి చూచితిమి. ఎప్పుడో బల్లమీదనుండి పడినదట. గాలి లేనప్పుడు సూది సున్నకు రాక, దాని వెనుకనే నిలిచియుండెను. రెండేండ్లు ఆ డయలు మా అందరి కన్నుల యెదుటనే ఉండెను. నా కన్నుల యెదుటను ఉండెను. సూది ఎక్కడికి పోవునో చూచితిమి గాని, ఎక్కడనుండి బయలుదేరుచున్నదో చూడలేదు. ఆ మిషను సరిగా ఉన్నయెడల జబ్బు రాకపోవునని నేను చెప్పజాలను; ముందుగా మందు మొదలుపెట్టియుందురని మాత్రము చెప్పగలను. ఇప్పుడాయన పాటల పుస్తకము పుటలను మనుమరాలు త్రిప్పుచున్నది.

డయలు లోపల పలుచని లోహపు డబ్బీ ఒకటి గాలికి ఉబ్బి, చిన్న పళ్ల చక్రములద్వారా సూదిని త్రిప్పును. ఒక్క దెబ్బకు అది దారి తప్పవచ్చును. కావున ఏడాదికి ఒకసారియైనను, క్రింద పడినప్పుడెల్లను, మూడు మూతుల గొట్టముతో దానిని నమ్మదగిన మిషనుకు కలిపి, 50, 100, 150, 200 దగ్గర రెండింటిని సరిచూడవలెను. మూడు అంకెలకు మించి తేడా ఉన్నయెడల బాగుచేయువానికి పంపుము. డయలును నీవు విప్పవద్దు.

పాదరసపు మిషనుకు ఈ దోషము తక్కువ. అది క్రింద పడి పగిలినగాని అబద్ధమాడుట అరుదు. అయితే పాదరసము విషము. దాని కీడును బట్టి మినమాటా ఒప్పందము 2013లో ఏర్పడెను; 2018లో మన దేశమును దానిలో చేరెను. ఆ మిషనులు వైద్యశాలలనుండి తొలగిపోవుచున్నవి. పాతది ఇంకను మీ యొద్ద ఉన్నయెడల, చిందిన పాదరసమును చేతితో ముట్టవద్దు, చీపురుతో ఊడ్వవద్దు. కిటికీలు తెరచి, పిల్లలను బయటకు పంపి, అట్టముక్కతో నీళ్లున్న సీసాలోనికి ఎత్తి, మూత బిగించి ఆసుపత్రివారికి అప్పగింపుము.

చదువరీ, తప్పుడు తూకము పాపమని మనము చిన్ననాడే నేర్చుకొన్నవారము. కాని కపటము లేని చేతిలోను త్రాసు తప్పు కావచ్చును. ఊరి మిషనును పట్టుకొనిన ఆ నర్సమ్మ దయగలదే. మాకు మంచి కబురే చెప్పగోరెను. దయ ఒక్కటే చాలలేదు. కొలుచువాడు ముందు తన కొలతను కొలుచుకొనవలెను. ఈసారి నీ చేతికి పట్టీ చుట్టకముందే ఆ డయలును వినయముతో చూడుము. సూది సున్నమీద లేనియెడల మర్యాదగా, “అమ్మా, ఒకసారి దీనిని సరిచూపించండి” అని అడుగుము. నీ కొరకు మాత్రమే కాదు, నీ వెనుక వరుసలో కూర్చున్న వారందరి కొరకును.