పునరుత్థానము, పునర్జన్మము: కళింగాంధ్ర తీరమున రెండు పదముల చరిత్ర

సంతబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంత గ్రామములలో మరణవార్త రెండు విధములుగ వినవచ్చును. ఒక ఇంట ‘పరమపదించినారు’ అందురు. మరియొక ఇంట ‘ప్రభువునందు నిద్రించినారు’ అందురు. ఒకరికి దహనము, మరొకరికి భూస్థాపన. అన్న ఒక మార్గమున, తమ్ముడొక మార్గమున ఉన్న కుటుంబములు కలవు. తండ్రి గతించినప్పుడు పిండము పెట్టవలసిన హస్తము ఎవరిదను ప్రశ్న అట్టి ఇంట కేవలము శాస్త్రచర్చ కాదు. మూత్రపిండముల వ్యాధి ఇంటింటి దుఃఖమైన ఉద్దానమున ఆ ప్రశ్న వార్ధక్యము వరకు ఆగదు.

అయినను ఒకరి విశ్వాసము మరొకరికి సరిగ తెలియదు. ‘వారును మరల పుట్టుటనే నమ్ముదురు కదా’ అని ఆస్తికులలో పలువురు తలంతురు. ఈ భ్రాంతికి మూలము ‘పునః’ అను శబ్దము.

లండన్ మిషనరీ సొసైటీ పక్షమున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అను ఇరువురు 1805లో విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణుని సహాయమున తెలుగున సువార్తల అనువాదము ఆరంభించిరి. క్రాన్ 1809లో శ్రీకాకుళముననే మరణించెను. మరుసటి సంవత్సరము డెగ్రాంజియు పోయెను. వారి మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితములైనవి. ప్రిచ్చెట్టు చేసిన కొత్త నిబంధన 1818లో మదరాసున వెలువడెను. ఆ శతాబ్ది ఉత్తరార్ధమున కెనడా బాప్తిస్టులు శ్రీకాకుళము, టెక్కలి ప్రాంతములకు వచ్చిరి.

నేటి తెలుగు బైబిలులో స్థిరపడిన పదము ‘పునరుత్థానము’. పదము గీర్వాణము, అర్థము మాత్రము యూదదేశపుది. ఉత్థానమనగా లేచుట. కార్తిక శుక్లమున యోగనిద్ర నుండి శ్రీమహావిష్ణువు లేచు తిథిని ఉత్థానైకాదశి అందుము. నిద్రించినవాడే లేచును, వేరొకడు లేవడు. ‘ప్రభువునందు నిద్రించెను’ అను మాటకు జోడుగ ‘లేచును’ అను మాట తెలుగున ఇంత సహజముగ ఒదిగినది అందువలననే. పునర్జన్మమున దేహి వాడే, దేహము వేరు. పునరుత్థానమున ఏ దేహము పడెనో ఆ దేహమే మహిమాన్వితమై లేవవలెను. పదము నెన్నుకొన్నవారు శబ్దార్థము నెరిగినవారే యని ఒప్పుకొనక తప్పదు.

ఈ విశ్వాసము ఎట్లు పుట్టెను? యూదుల ప్రాచీన గ్రంథములలో మృతులు చేరు స్థానము కేవలము ఛాయాలోకము. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దిలో గ్రీకురాజు అంతియొకసు యూదధర్మమును నిషేధించి, విడువనివారిని చిత్రహింస చేయించెను. దానియేలు గ్రంథమున మృతుల మేల్కొనుట స్పష్టముగ వినబడుట ఆ కాలముననే యని చరిత్రకారులలో అధికుల మతము. ధర్మము కొరకు ఛేదింపబడిన హస్తమునకు న్యాయము ఎప్పుడు? ఆ హస్తమే మరల లభింపవలెనని వారు తలచిరి. ఇదే ప్రశ్నకు మన పెద్దలు కర్మసిద్ధాంతముతో సమాధానము చెప్పిరి: ఫలము తప్పదు, అనుభవించు దేహము మారును. యేసు కాలమునాటికి కూడ యూదులలో ఏకాభిప్రాయము లేదు. పరిసయ్యులు పునరుత్థానమును అంగీకరించిరి, సద్దూకయ్యులు త్రోసివేసిరి. శిలువ వేయబడిన యేసు మూడవ దినమున లేచెనని శిష్యులు ప్రకటించిన పిమ్మట ఆ మతము క్రైస్తవమునకు పునాదిరాయి అయ్యెను.

పౌలు కొరింథువారికి వ్రాసిన మొదటి లేఖలో దీనికి గింజను దృష్టాంతముగ చూపెను. విత్తు చావక మొలవదు. విత్తినది నాశనమగునది, లేచునది నాశనము లేనిది. కఠోపనిషత్తున నచికేతుడు తండ్రితో పలికినదియు సస్యదృష్టాంతమే: మర్త్యుడు పైరువలె పండును, పైరువలె మరల పుట్టును. ఉభయులకును గింజ ఒకటే. నచికేతుడు ఏటేట తిరిగివచ్చు పంటను చూచెను. పౌలు ఒకే ఒక అంతిమమైన కోతను చూచెను.

ఇంతకంటె పెద్ద చిక్కు ‘ఆత్మ’ అను పదము తెచ్చినది. వేదాంతి చెవికి ఆత్మ యనగా అజము, నిత్యము. క్రైస్తవమున జీవాత్మ ఈశ్వరసృష్టము. దానికి ఆది కలదు. జన్మకు పూర్వమే ఆత్మలు ఉండెనను వాదము 553లో కాన్‌స్టాంటినోపిలు మహాసభ నాటికి ఖండింపబడినది. నౌపడ ఉప్పుమళ్ళ నెరిగినవారికి ఛాందోగ్యములోని లవణదృష్టాంతము విప్పి చెప్పనక్కరలేదు. అట్లు కరగి ఏకమగుటను క్రైస్తవులు ముక్తిగ తలపరు. జీవేశ్వరభేదము వారికి ముక్తిలోను నిలుచును. ఇందులో వారికి సమీపమున నిలుచువారు మధ్వాచార్యులు. వారి శిష్యులైన నరహరితీర్థుల 1281 నాటి శాసనము శ్రీకూర్మమున నేటికిని కలదు. నిత్యభేదమును, కొందరికి తరుగని తమస్సును చెప్పు దర్శనము ఈ నేలకు మిషనరీలతో వచ్చినది కాదు. కాని మధ్వమతమునందును జీవుడు అనాది. అక్కడనే దారులు చీలినవి.

పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణకుటుంబమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌధరి 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. జగన్నాథునిదైన తన పేరు మాత్రము మార్చుకొనలేదు. 1890లో మరణించువరకు ఆయన రచించిన కీర్తనలు రాగతాళములతో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున చేరి నేటికిని పాడబడుచున్నవి. పూరీలో నవకళేబరమున స్వామి జీర్ణదారువును విడిచి నూతనదారువును స్వీకరించును. బ్రహ్మపదార్థము మాత్రము మారదు. పాత విగ్రహములను కోయిలి వైకుంఠమున పూడ్చిపెట్టుదురు. గీతలోని జీర్ణవస్త్రోపమానమునకు ఇంతకంటె ప్రత్యక్షరూపము లేదు. ఆ స్వామి నామధారి, విడిచిన వస్త్రమే మరల ధరింపబడునను మతమున చేరెను. ఆయన దాటిన దూరము ఎంతటిదో ఇందుచే తెలియగలదు.

మరి పిండప్రశ్న? మృతులకై ప్రార్థించుట రోమను కతోలికులకు విహితము. నవంబరు 2న సమాధులకడ దీపములు వెలిగింతురు. అసంపూర్ణశుద్ధులకు శుద్ధిస్థలము కలదని, బ్రదికియున్నవారి ప్రార్థన వారికి తోడ్పడునని వారి మతము. మన పితృకార్యమునకు ఇది కొంత దగ్గర. బాప్తిస్టులు దీని నంగీకరింపరు. శ్వాస ఆగినపిమ్మట మార్పదగినది లేదందురు. కనుక బాప్తిస్టు కుమారుడు పిండము పెట్టననుట తండ్రిపై ప్రేమ లేక కాదు. పెట్టవలెనని సోదరుడు పట్టుబట్టుటయు మూఢత్వము కాదు. ఆకలిగొన్న తండ్రి ఒకనికి కనబడుచున్నాడు, నిద్రించు తండ్రి మరొకనికి.

భూస్థాపన మాత్రమే భేదమనుట సరికాదు. యతులను, శిశువులను మనమును పూడ్చుదుము. కతోలిక సంఘము 1886లో నిషేధించిన దహనమును 1963లో అనుమతించినది. అయితే అస్థిభస్మమును నీట కలుపరాదని, పవిత్రస్థలమున భద్రపరుపవలెనని 2016లో రోమునుండి ఆదేశము వెలువడెను. శ్రీకూర్మపు శ్వేతపుష్కరిణిలో మన అస్థినిమజ్జనము యథాపూర్వము సాగుచునే యున్నది.