సాగర్ ఆయకట్టులో ఆకు ఎండు తెగులు

నల్లగొండ, పాలమూరు ఒకప్పుడు ఆముదానికి పేరుపడ్డ జిల్లాలు. ఎర్ర చెల్కల్లో వాన మీద ఆధారపడి ఆముదం, జొన్న, సజ్జ, కంది పండేవి. వరి మాత్రం చెరువు కిందే. పానగల్లులో కందూరు చోడుల కాలం నాటి ఉదయసముద్రం లాంటి పెద్ద చెరువుల కింద కొంత, ఊరి కుంటల కింద కొంత సాగయ్యేది. చెరువు నిండని ఏడు మడి బీడే. వరి మీద బతికే సూక్ష్మజీవులకు కూడా ఆ ఏడు ఆసరా తక్కువే.

కృష్ణా నీళ్లు ఆ లెక్కను మార్చాయి. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ పారిన మేర మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో మెట్ట చేన్లు మళ్లయ్యాయి. వానాకాలం పంట ఎత్తగానే యాసంగి నార్లు పోసే రోజులు వచ్చాయి. పాలమూరు వైపు కోయిల్‌సాగర్, రాజోలిబండ, ఆ తర్వాత జూరాల అదే పని చేశాయి, కాకపోతే తక్కువ మేర.

నీళ్ల తర్వాత విత్తనం వచ్చింది. 1986లో బాపట్ల పరిశోధన స్థానం నుంచి విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, సాగర్ ఆయకట్టును ఆక్రమించింది. సన్న గింజ, రుచిగల అన్నం, మిర్యాలగూడ మిల్లుల్లో మంచి ధర. రైతు ఇంకో రకం వైపు చూడాల్సిన అవసరం లేకపోయింది. మైళ్ల కొద్దీ ఒకే రకం, ఒకే వయసు పైరు, ఏపుగా పెరగాలని కట్టల కొద్దీ యూరియా. ఇంత పచ్చదనం ఒకేచోట దొరికితే ఏ తెగులైనా ఎందుకు వదులుతుంది? పైగా ఈ రకం పుట్టుకలోనే ఒక బలహీనత ఉంది. దాని పూర్వీకుల్లో ఒకటైన తైచుంగ్ నేటివ్-1 బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులుకు ఎంత తేలిగ్గా లొంగుతుందంటే, పరీక్షా క్షేత్రాల్లో తెగులు పడిందో లేదో చూసుకోవడానికి ఇప్పటికీ దాన్నే నాటుతారు. సాంబ మసూరి కూడా ఈ తెగులుకు లొంగే రకమే.

ఈ తెగులు ఇక్కడ పుట్టింది కాదు. 1884లో జపాన్‌లోని ఫుకువోకా రైతులు దీన్ని మొదట గమనించారు. మన దేశంలో 1951లో మహారాష్ట్రలో కనిపించింది. 1963లో బీహార్‌లోని షాహాబాద్ జిల్లాలో పొలాలకు పొలాలనే ఎండబెట్టింది. కారణం క్సాంథోమోనాస్ ఒరైజే అనే పసుపురంగు బ్యాక్టీరియా. గాలివాన కొట్టిన మర్నాడు ఆకుల రాపిడి గాయాల గుండా, ఆకు అంచున నీళ్లు చెమర్చే రంధ్రాల గుండా లోపలికి పోతుంది. నీళ్లు మోసే గొట్టాల్లో పెరిగి, జిగురు కక్కి, దారి మూసేస్తుంది. ఆకు కొస నుంచి అంచుల వెంట అలలు అలలుగా పసుపు చార దిగుతుంది. పొద్దున్నే ఆ చార మీద పాల చుక్కల్లాంటి బ్యాక్టీరియా ద్రవం నిలుస్తుంది. ముదిరితే చేను గడ్డివాము రంగుకు తిరుగుతుంది.

దారి మూయడం ఒక్క బ్యాక్టీరియా వల్ల అయ్యే పని కాదు. లక్షల కణాలు ఒకచోట చేరి, గొట్టం గోడకు అంటుకుని, జిగురు పొర కట్టుకోవాలి. ఆ పొరనే బయోఫిల్మ్ అంటారు. కానీ ఆకులోకి కొత్తగా చొరబడిన కణం ఈదాలి, దారి వెతుక్కోవాలి. దానికి ఒక తోక ఉంటుంది. ఈదే కణం అంటుకోలేదు, అంటుకున్న కణం ఈదలేదు. మరి ఎప్పుడు ఏది చేయాలో మెదడు లేని ఆ జీవికి ఎవరు చెబుతారు?

దీనికి జవాబు వెతికిన వాళ్లలో ముఖ్యులు హైదరాబాద్‌లోనే పనిచేశారు. సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో రమేశ్ సొంటి, శుభదీప్ ఛటర్జీ 2002లో ఒక సంగతి బయటపెట్టారు. ఆర్పీఎఫ్-ఎఫ్ అనే జన్యువు చెడిన బ్యాక్టీరియా వరిని సరిగ్గా జబ్బుపరచలేదు, ఇనుము తక్కువైన చోట పెరగనూ లేదు. ఈ జన్యువు పని ఒక కొవ్వు ఆమ్లాన్ని తయారుచేయడం. ప్రతి కణమూ దాన్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతుంది. కణాలు పలచగా ఉంటే అది చెదిరిపోతుంది. గుంపు చిక్కబడితే ఆ రసాయనమూ చిక్కబడుతుంది, అప్పుడు కణాలు తమ జన్యువుల పనిని మార్చుకుంటాయి. ఆ రసాయనాన్నే డీఎస్‌ఎఫ్ అని పిలుస్తారు.

తర్వాత సీడీఎఫ్‌డీ అనే మరో పరిశోధన సంస్థకు మారిన ఛటర్జీ, అక్కడి తన బృందంతో 2012లో ఇంకో అడుగు వేశారు. డీఎస్‌ఎఫ్ ఉన్న బ్యాక్టీరియాలోనూ లేని దానిలోనూ ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో పక్కపక్కన పెట్టి చూశారు. డీఎస్‌ఎఫ్ పెరిగితే అంటుకునే జన్యువులు, బయోఫిల్మ్ కట్టే జన్యువులు లేస్తాయి. ఈదే జన్యువులు, మొక్క గోడల్ని కరిగించే ఎంజైముల జన్యువులు తగ్గుతాయి. అంటే ఒంటరి కణం తిరుగుతుంది, గుంపు కుదిరాక స్థిరపడుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే, క్యాబేజీకి నల్ల కుళ్లు తెచ్చే దీని దగ్గరి చుట్టంలో ఇదంతా తలకిందులు. అక్కడ అదే డీఎస్‌ఎఫ్ ఈతను పెంచి బయోఫిల్మ్‌ను విడగొడుతుంది. ఒక పంట తెగులు మీద వచ్చిన ఫలితాన్ని తెచ్చి ఇంకో పంటకు అంటగట్టకూడదని ఇంత గట్టిగా చూపిన ఉదాహరణలు అరుదు. వరి పండే నేలలో వరి బ్యాక్టీరియానే చదవాలి.

బ్యాక్టీరియా తన జన్యువులతోనే ఆగదు, వరి జన్యువులనూ తిప్పుతుంది. అది పంపే ఒక ప్రోటీన్ వరి కణంలోకి వెళ్లి, చక్కెర బయటికి వదిలే జన్యువును మేల్కొలుపుతుంది. ఆ చక్కెర తిని గుంపు పెరుగుతుంది. కొన్ని వరి రకాల్లో ఆ జన్యువు స్విచ్చు కొంచెం తేడాగా ఉంటుంది కాబట్టి బ్యాక్టీరియాకు అందదు. ఆ తేడా పేరే ఎక్స్‌ఏ13.

హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఆధారపడింది ఇలాంటి తేడాల మీదే. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం, సీసీఎంబీ కలిసి సాంబ మసూరిలోకి ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21 అనే మూడు నిరోధక జన్యువులను సంకరం ద్వారా, డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఎక్కించాయి. వీటిలో ఎక్స్‌ఏ21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఒక్క జన్యువునే నమ్ముకుంటే బ్యాక్టీరియా దాన్ని దాటే రూపం ఎత్తుతుంది, మూడింటిని ఒకేసారి దాటడం కష్టం. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. గింజ అదే సన్నం, అన్నం అదే రుచి.

సాగర్ ఎడమ కాల్వ కింద ఈ విత్తనం ఊరూరా కనిపించాల్సింది. ఎందుకంటే తెగులు సోకిన చేనును తిరిగి పచ్చబరిచే మందు ఏదీ లేదు, రైతు చేతిలో ఉన్నది ముందుజాగ్రత్తే. నాటేటప్పుడు నారు కొసలు తుంచవద్దు. పసుపు చార కనిపిస్తే ఆకును కోసి గాజు గ్లాసులోని తేట నీళ్లలో నిలబెట్టండి. కోసిన చోటు నుంచి పాల పొగలా జాలువారితే అది ఈ తెగులే. వెంటనే యూరియా ఆపండి, మడిలో నీళ్లు తీసేయండి. వచ్చే వానాకాలం విత్తనం కొనేముందు నల్లగొండ రైతులు కంపాసాగర్ పరిశోధన స్థానంలో, పాలమూరు రైతులు పాలెంలో తెగులు తట్టుకునే సన్న రకాల గురించి అడగండి.