బొగ్గు పెరిగింది, కొలువు తగ్గింది: దేశం ఎదుగుదలలో మన లెక్క



గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే మనమందరం భారత ఆర్థిక వ్యవస్థ పాఠం చదువుతూనే ఉన్నం. 1950 నుంచి 1980 దాకా దేశ ఆదాయం ఏటా సగటున 3.5 శాతం చొప్పున పెరిగింది. 1991 సంస్కరణల తర్వాత ఆ వేగం 6 శాతం దాటింది. 2022 నాటికి మన దేశం ప్రపంచంలో ఐదో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. పరీక్షకు ఇంత చాలు. కానీ ఆ పెరుగుదల మన రామగుండం, గోదావరిఖని మీది నుంచే పోయింది. అది పోయిన దారిని ఒకసారి మన ఊరి వైపు నుంచి చూద్దాం.

ముందు బొగ్గు సంగతి. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించిండు. అది కోయ గూడేల నేల. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో బొగ్గు అమ్మకానికి రావడం మొదలైంది. 1920లో ఇల్లందు దగ్గరి ఊరి పేరుతో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొనేసింది. అంటే దేశంలో మిగతా బొగ్గు గనులు 1970లలో జాతీయమైతే, మన దగ్గర అంతకు పాతికేళ్ల ముందే సర్కారు చేతికి వచ్చినయి. నేడు సింగరేణిలో తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

1960లలో బాయిలు మన రామగుండం వైపు వచ్చినయి. బొగ్గు దొరికిన చోటికి కరెంటు ఫ్యాక్టరీలు వచ్చినయి. 1978లో ఎన్టీపీసీకి శంకుస్థాపన జరిగింది, 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ నడిచింది. 2004లో ఏడో యూనిట్ వచ్చేసరికి మొత్తం 2,600 మెగావాట్లు అయింది. ఆ కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోతది. బెంగళూరులో కంప్యూటర్లు, చెన్నైలో కార్ల ఫ్యాక్టరీలు నడిచిన కరెంటులో గోదావరిఖని బొగ్గు కూడా ఉంది. బొగ్గుతో యూరియా చేసే ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ 1980లో మొదలై 1999లో మూతపడింది. 2021లో ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ లేచింది, కానీ ఈసారి బొగ్గుతో కాదు, గ్యాస్‌తో.

ఇక అసలు విషయం. బొగ్గు తవ్వే పద్ధతి మారింది. మొదట్ల అంతా భూగర్భ గనులే. బాయి నోరు దగ్గర కొంత జాగ ఉంటే చాలు, లోపల మాత్రం వందల మంది చెయ్యి పడాలె. కష్టం, ప్రమాదం ఎంత ఉన్నా ఇంటికొక జీతం వచ్చేది. 1970ల నుంచి ఓసీలు, అంటే ఓపెన్‌కాస్ట్ గనులు మొదలైనయి. వీటికి ఊర్లకు ఊర్లు, అడవికి అడవి కావాలె. తవ్వేది షావెల్, మోసేది డంపర్. మనుషులు తక్కువ సరిపోతరు. ఇప్పుడు సింగరేణి బొగ్గులో పదింట ఎనిమిది పాళ్లకు పైగా ఓసీల నుంచే వస్తుంది.

అంకెలు చూడండి. 1990-91లో సింగరేణి తవ్వింది 2 కోట్ల టన్నుల లోపే. పనిచేసినోళ్లు లక్ష మందికి పైన. 2023-24లో తవ్వింది 7 కోట్ల టన్నులు. పర్మనెంట్ కార్మికులు సుమారు 41 వేలు, కాంట్రాక్టు కార్మికులు సుమారు 25 వేలు. బొగ్గు మూడింతలకు మించి పెరిగితే, పర్మనెంట్ కొలువు సగానికంటే కిందికి పడింది. ఉద్యోగం లేని ఎదుగుదల అని పుస్తకాల్లో ఉన్నది మన దగ్గర కళ్లముందే జరిగింది.

అంటే గతంలో మన నుంచి తక్కువ భూమి అడిగి ఎక్కువ పని ఇచ్చిన్రు. ఇప్పుడు ఎక్కువ భూమి అడిగి తక్కువ పని ఇస్తున్నరు. బేరం తిరగబడ్డది. కానీ మన డిమాండ్ మాత్రం ఇంకా పాత కాలం దగ్గరే ఆగింది: "ఇంటికో ఉద్యోగం". ఆ డిమాండ్ తప్పని అనం. అదొక్కటే సరిపోదని అంటున్నం.

లాభంలో వాటా అనేది కొత్త మాటేం కాదు. 2023-24 లాభం రూ. 4,701 కోట్లు. అందులో విస్తరణకు పక్కన పెట్టినంక మిగిలిన రూ. 2,412 కోట్లలో 33 శాతం, అంటే రూ. 796 కోట్లు కార్మికులకు పంచిన్రు. కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి తలా 5 వేలు ఇచ్చిన్రు. ఇది యూనియన్లు ఏండ్ల తరబడి అడిగి సాధించుకున్న హక్కు. మరి భూమి ఇచ్చినోళ్ల వాటా ఏది?

దీనికి చట్టంలో రెండు దారులున్నయి. ఒకటి, 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు. విశాఖ ఏజెన్సీ గనుల కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వొద్దన్నది. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆదివాసుల బడి, దవాఖాన, నీళ్లు, రోడ్లకు పెట్టాలన్నది. అయితే పాత కరీంనగర్ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, అందుకే మన పెద్దపల్లిలోనూ లేదు. 1/70 చట్టం రక్షణ ఇల్లందు, మణుగూరు వైపు ఉంటది, ఇక్కడి నాయకపోడు, లంబాడా కుటుంబాలకు ఉండదు. బొగ్గు పొర ఒకటే, గోదావరి ఒకటే, చట్టం గీత మాత్రం నడిమధ్యల ఆగింది.

రెండోది మనకు వర్తించేది: 2015లో గనుల చట్టం సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్, డీఎంఎఫ్. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకు రాయల్టీలో 30 శాతం దీనికి కట్టాలె. టన్ను బొగ్గు ధర రూ. 3,000 అనుకుందాం. 14 శాతం రాయల్టీ రూ. 420. అందులో 30 శాతం అంటే రూ. 126. ప్రతి టన్నుకు! ఈ పైసల్లో కనీసం 60 శాతం తాగునీళ్లు, వైద్యం, చదువు, పర్యావరణం వంటి వాటికే, గని ప్రభావిత ఊర్లకే ఖర్చు పెట్టాలని 2015 మార్గదర్శకాలు చెప్పినయి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చరిత్ర చదివి ఊరుకోవద్దు. 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలె. మూడు ప్రశ్నలు చాలు: మన జిల్లా డీఎంఎఫ్‌కు ఏ ఏడు ఎంత వచ్చింది? ఏ ఊర్లో దేనికి ఖర్చయింది? మన తండా, మన గూడెం ప్రభావిత ఊర్ల జాబితాల ఉందా? జవాబు వచ్చినోళ్లు గ్రూపులో పెట్టండి. మండలాల వారీగా కలిపి ఒక పట్టిక చేద్దాం. దేశం తన ఎదుగుదలను టన్నుల్లో, మెగావాట్లలో లెక్కేసుకుంది. మన లెక్క మనమే వెయ్యాలె.