అంబాసిడరు హ్యాండిలు – ఒక చిన్న చరిత్ర

మన సంఘ సభ్యులలో ఉద్యోగకాలంలో అంబాసిడరు కారు ఎక్కనివారు అరుదు. కలెక్టరుగారి పర్యటనకైనా, గుంటూరు మిర్చి షావుకారుకైనా, పర్చూరు వైపు పెళ్లివారికైనా అదే కారు. నల్లరేగడి దారుల మీద అది పడిన పాట్లు మనందరికీ తెలుసు. ఈ ప్రత్యేక సంచిక కోసం దాని చరిత్రను, నా అనుభవాన్ని కలిపి రాస్తున్నాను.

హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో ప్రారంభమై, 1948లో కలకత్తా సమీపాన ఉత్తరపారాకు తరలింది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాగా వచ్చిన అంబాసిడరు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. బ్యాటరీ దిగిపోతే ముందువైపు నుంచి హ్యాండిలు దూర్చి ఇంజను తిప్పేవాళ్లం.

ఆ హ్యాండిలుకు పెద్ద చరిత్రే ఉంది. తొలినాటి పెట్రోలు కార్లకు అదే ఆధారం. స్పార్కు ముందుగా పడితే ఇంజను వెనక్కి తిరిగి, హ్యాండిలు ఎదురు తన్నేది. అలా ఎందరో డ్రైవర్ల చేతులు విరిగినందున, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక విరగడానికి వైద్యులలో ‘షోఫర్స్ ఫ్రాక్చర్’ అనే పేరు స్థిరపడింది. షోఫరు అంటే కారు నడిపేవాడు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 మోడలు కాడిలాక్ కార్లలో వచ్చింది. మన దేశంలో మాత్రం హ్యాండిలు ఇంకా కొన్ని దశాబ్దాలు నిలిచింది.

పదవీ విరమణ తరువాత నేను 1969 నాటి మార్క్ టూ అంబాసిడరు కొని బాగుచేయసాగాను. పని సగంలో ఉండగా హ్యాండిలు ఎదురు తన్ని, నాకూ అదే ఎముక విరిగింది. బంధువులు పుత్తూరు కట్టు అన్నారు, పిల్లలు ఆస్పత్రి అన్నారు. ఆరు వారాలు సిమెంటు కట్టుతో ఉన్నాను. కట్టు విప్పాక చేతికి పానా పట్టు దొరకలేదు. రోజూ రబ్బరు బంతి నొక్కుతూ కూర్చున్నాను. ‘‘ఆ ఇనుము అమ్మేయండి’’ అన్నది మా ఇంటావిడ.

అప్పుడు ఆటోనగర్ కుర్రవాడొకడు వచ్చి, ‘‘మీరు కూర్చుని చెప్పండి సార్, నేను విప్పుతా’’ అన్నాడు. కొత్త బండ్లు బాగా తెలిసినవాడే గాని, కార్బురేటరు విప్పి ఎరుగడు. పాయింట్ల మధ్య పదిహేను థౌ సందు ఉంచడం, ఒకటి-మూడు-నాలుగు-రెండు వరుసలో స్పార్కు పడటం, చెవితో ఇంజను ట్యూనింగు పట్టడం నేర్పాను. అన్నిటికంటే ముందు నేర్పినది ఒకటుంది: హ్యాండిలు పట్టినప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టకూడదు, పైకి లాగాలిగాని కిందికి నొక్కరాదు. అయిదు నెలలకు నా చేతికి బలం వచ్చింది. చిన్న నట్లు నేనే బిగిస్తున్నాను, బరువు పనులు అతనివి.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం మొదటి రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. అంటే పాత ఇంజను తెలిసిన చేతులు కావాలి. అవి ఏటేటా తగ్గిపోతున్నాయి.

మన సభ్యులలో వర్కుషాపు మెకానిక్కులు, డ్రైవర్లు ఎందరో ఉన్నారు. చేతులు సహకరించకపోయినా నోటితో చెప్పవచ్చు. ఒక్కొక్కరు ఒక్క కుర్రవాడిని పక్కన కూర్చోబెట్టుకోవలసిందిగా కోరుతున్నాను.